రైల్వే షేర్ల మోసం మీద విక్టోరియా కాలపు డిటెక్టివ్ నవల అల్లడం ఎలా

లండన్‌లో డిటెక్టివ్ కథ అనగానే పొగమంచు, గుర్రబ్బండి, గ్యాసు దీపం పెట్టి మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అవి లేకపోయినా కథ నడుస్తుంది. రైల్వే మోసం కథకు లేకపోతే నడవనిది ఒకటుంది: షేర్ల ఆవర్జాలో (లెడ్జరులో) ఒక తప్పుడు పద్దు. దాన్ని ఎవరు రాయగలరు, ఎలా రాశారు, ఎన్నాళ్లు దాగింది, ఏ లెక్క దగ్గర దొరికింది, ఇవన్నీ తేలాకే మొదటి అధ్యాయానికి కాగితం తీయండి. పాతిపెట్టిన గతం కూడా ఆ పద్దులోంచే పైకి రావాలి. మోసం దారి మోసానిదీ గతం దారి గతానిదీ అయితే, చివర్లో రెంటినీ కలపడానికి కాకతాళీయం తప్ప చేతిలో ఏమీ ఉండదు.

ముందు ఏడాది తేల్చుకోండి

విక్టోరియా కాలమంటే 1837 నుంచి 1901 దాకా. ఈ మధ్యలో చట్టాలు, రైళ్లు, పోలీసులు అన్నీ మారిపోయాయి కాబట్టి "విక్టోరియా కాలంలో ఒకరోజు" అని రాస్తే అడుగడుగునా తప్పులు దొర్లుతాయి. ఈ రకం కథకు బాగా అమరే జంట 1845, 1866. గతం మొదటిది, వర్తమానం రెండోది.

1845 బ్రిటన్‌లో రైల్వే షేర్ల పిచ్చి ముదిరిన ఏడాది. మరుసటి ఏడు 1846లో పార్లమెంటు ఒక్క ఏడాదిలోనే 260కి పైగా రైల్వే చట్టాలు చేసింది. కొత్త లైను కావాలన్న ప్రతి కంపెనీ 1845 నవంబరు 30 అర్ధరాత్రిలోగా ప్రభుత్వ వాణిజ్య శాఖ అయిన బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో తన ప్లాన్లు దాఖలు చేయాలి. ఆ రోజు ఆదివారం. దేశం నలుమూలల నుంచి ప్రత్యేక రైళ్లలో, గుర్రాల మీద ప్లాన్ల కట్టలు లండన్ చేరాయి. గతం అధ్యాయానికి ఇంతకంటే మంచి రాత్రి దొరకదు.

ప్లాన్లతోపాటు, ఇన్ని షేర్లు కొంటామని జనం సంతకాలు పెట్టిన ఒప్పంద పత్రం కూడా చూపాలి. సంతకాలు చాలకపోతే కూలి ఇచ్చి పెట్టించేవాళ్లు. పెద్ద మొత్తాలకు సంతకం చేసినవాళ్ల జాబితాను పార్లమెంటు అచ్చు వేయించినప్పుడు అందులో ఇళ్లలో పాచిపని చేసే ఒకావిడ కొడుకులు ఇద్దరు తేలారు. అటక గదిలో ఉండేవాళ్లు. ఒకడు 12,500 పౌండ్లకు, ఇంకొకడు 25,000 పౌండ్లకు సంతకం పెట్టాడు. మీ కథలో "మరిచిపోయిన గతం" ఇదే కావచ్చు: నాలుగు షిల్లింగుల కోసం దొంగ పేరుతో సంతకం పెట్టిన పదిహేడేళ్ల కుర్రాడు.

1866 మే 10న ఓవరెండ్ గర్నీ అనే పెద్ద ఆర్థిక సంస్థ చెల్లింపులు ఆపేసింది. దాని దెబ్బకు రైల్వే కాంట్రాక్టర్లు కూలారు, లండన్ చాటమ్ అండ్ డోవర్ రైల్వే దివాలా తీసింది. వాటాదారులు లెక్కలు చూపమని నిలదీసే కాలమది. మీ కంపెనీ ఆవర్జాలు ఇరవై ఏళ్లుగా తెరవనివాళ్లు ఇప్పుడే ఎందుకు తెరిచారన్న ప్రశ్నకు వేరే సాకు వెతకనక్కర్లేదు. అప్పటి కుర్రాడికి ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. కొత్త పేరు, మంచి ఉద్యోగం, చర్చిలో ముందు వరుస కుర్చీ సంపాదించడానికి ఆ వ్యవధి చాలు. అతన్ని చిన్నప్పుడు ఎరిగినవాళ్లు కూడా ఇంకా బతికే ఉంటారు.

దొంగ పైఅంతస్తు వాడా, కింది అంతస్తు వాడా

పైఅంతస్తు మోసానికి, అంటే డైరెక్టర్ల మోసానికి, అసలైన నమూనా జార్జ్ హడ్సన్. యార్క్‌లో బట్టల వ్యాపారి, తర్వాత "రైల్వే రాజు", సండర్లాండ్ ఎంపీ. డివిడెండ్లను (వాటాదారులకు పంచే సొమ్మును) లాభం నుంచి కాక మూలధనం నుంచి పంచాడు. తన చేతిలోని గ్రేట్ నార్త్ ఆఫ్ ఇంగ్లండ్ రైల్వే షేర్లను తాను ఛైర్మన్‌గా ఉన్న ఇంకో కంపెనీకి మార్కెట్ ధర కంటే ఎక్కువకు అంటగట్టాడు. 1849లో పట్టుబడింది చాలా మామూలు పద్ధతిలో: కంపెనీ పుస్తకాల్లోని కొనుగోలు ధరను, ఆ రోజుల స్టాక్ ఎక్స్ఛేంజి ధరను పక్కపక్కన పెట్టి చూశారు. మీ డిటెక్టివ్ కూడా పాత పత్రికల ధరల పట్టికతో ఈ పని చేయగలడు. తమాషా ఏమిటంటే హడ్సన్‌కు మోసం కింద శిక్ష పడలేదు. 1865లో యార్క్ కోటలో ఖైదు చేసింది అప్పు కట్టనందుకు. డైరెక్టర్ల మోసాన్ని నేరుగా నేరం చేసిన చట్టం 1857లో గానీ రాలేదు.

కింది అంతస్తుకు, అంటే ఆఫీసు ఉద్యోగి మోసానికి, లియోపోల్డ్ రెడ్‌పాత్. గ్రేట్ నార్తర్న్ రైల్వేలో షేర్ల రిజిస్ట్రారు, అంటే ఎవరి పేర ఎన్ని షేర్లున్నాయో ఆవర్జాలో రాసేవాడు. జీతం ఏడాదికి కొన్ని వందల పౌండ్లు, కాపురం రీజెంట్స్ పార్క్ దగ్గర చెస్టర్ టెర్రస్‌లో. ధర్మసంస్థలకు ఉదారంగా చందాలిచ్చేవాడు. 1856లో బయటపడేసరికి దొంగ స్టాకు (పౌండ్లలో లెక్కించే వాటా) రెండు లక్షల పౌండ్లు దాటింది. 1857 జనవరిలో లండన్ క్రిమినల్ కోర్టు ఓల్డ్ బెయిలీలో యావజ్జీవ ద్వీపాంతరం పడింది, వెస్టర్న్ ఆస్ట్రేలియా పంపారు.

మొదటి నవలకు కింది అంతస్తే ఎంచుకోండి. డైరెక్టర్ మోసం బోర్డు తీర్మానాల్లో, బంధువుల కంపెనీల్లో చిక్కుపడి ఉంటుంది, విప్పి చెప్పడానికే వంద పేజీలు పోతాయి. రిజిస్ట్రారు మోసం ఒక కలం, ఒక పుస్తకం. పాఠకుడికి పేజీ మీద చూపించవచ్చు.

ఎడమ పక్కన ఒక ఒకటి

రెడ్‌పాత్ పద్ధతుల్లో ఒకటి ఇలా సాగుతుంది. దొంగ పేరుతో 250 పౌండ్ల స్టాకు నిజంగానే కొంటాడు. ఆవర్జాలో ఆ 250కి ఎడమ పక్కన ఒక 1 చేరుస్తాడు. అది 1,250 అవుతుంది. లేని 1,000 పౌండ్లను బజారులో నిజమైన కొనుగోలుదారుకు అమ్మేస్తాడు. కొన్నవాడి చేతిలో కంపెనీ ముద్ర ఉన్న సర్టిఫికెట్ ఉంటుంది, అతనికి అనుమానం రాదు, డివిడెండు కూడా సమయానికి అందుతుంది.

దీన్ని పట్టే లెక్క మీ నవలకు గుండె. అంకెలు ఇలా పెట్టుకోండి. కంపెనీ జారీ చేసిన స్టాకు 4,00,000 పౌండ్లు. అర్ధసంవత్సరం డివిడెండు నూటికి రెండున్నర. పంచవలసింది సరిగ్గా 10,000 పౌండ్లు. రాసిన డివిడెండు వారంట్ల (బ్యాంకులో ఇచ్చి డివిడెండు తీసుకునే చీటీల) మొత్తం మాత్రం 10,475. నూటికి రెండున్నర అంటే నలభయ్యో వంతు కాబట్టి, ఎక్కువైన 475ను నలభైతో హెచ్చిస్తే 19,000 పౌండ్ల స్టాకు గాలిలోంచి పుట్టిందని తేలుతుంది. వాటాదారుల నిల్వలు 137, 250, 615 అంటూ ఎగుడుదిగుడుగా ఉంటే తేడా మాత్రం సరిగ్గా వేలల్లో ఎందుకొచ్చింది? ఎవరో పందొమ్మిది చోట్ల మూడంకెల పద్దు ముందు ఒక 1 చేర్చారు కాబట్టి. డిటెక్టివ్ ఆవర్జా తెరవకముందే మోసం పద్ధతి చెప్పేయగలడు. ఈ రకం కథలో పాఠకుడు చప్పట్లు కొట్టే చోటు ఇదే.

ఈ మూడు అంకెలూ ఒకేచోట పెట్టకండి. డివిడెండు శాతాన్ని మూడో అధ్యాయంలో వాటాదారుల సమావేశంలో ఛైర్మన్ నోట చెప్పించండి. స్టాకు మొత్తం ఐదో అధ్యాయంలో ఒక పత్రికా ప్రకటనలో కనబడాలి. వారంట్ల మొత్తం పదో అధ్యాయంలో బ్యాంకు గుమాస్తా విసుగ్గా చదివే జాబితాలో రావాలి. ఆదాయపు పన్ను కోత జోలికి పోకండి. లెక్క నిజంగా అలాగే ఉండేది గానీ, కథలో అది పాఠకుడి కళ్లలో దుమ్ము.

ఆడిటరు ఎందుకు పట్టలేదన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అప్పటి ఆడిటర్లు చాలాచోట్ల వాటాదారుల్లోంచి ఎన్నికైన పెద్దమనుషులు. వోచర్లను మొత్తాలతో సరిచూసేవారు. డివిడెండు జాబితా తయారుచేసేది రిజిస్ట్రారే, డబ్బిచ్చేది ఆ జాబితా చూసే. ఆవర్జా కూడితే మూలధనంతో సరిపోతుందా అని ఎవరూ కూడలేదు. ఇంకో సూక్ష్మం: కొందరు వాటాదారులు వారంటు మార్చుకోవడం మరిచిపోతారు కాబట్టి బ్యాంకు నిజంగా చెల్లించేది రావలసిన దానికంటే ఎప్పుడూ కాస్త తక్కువే ఉంటుంది. ఎక్కువ ఉంటే అది పొరపాటు కాదు. ఈ మాట ముసలి బ్యాంకు గుమాస్తా నోట అనిపిస్తే బాగా పండుతుంది.

కాగితం మీద ఆధారాలు రెండు చాలు. ఒకటి సిరా. అప్పటి ఆఫీసు సిరా మన కరక్కాయ, అన్నభేది సిరా జాతిదే: రాసినప్పుడు పలచగా ఉండి, గాలి తగిలి నల్లబడి, ఏళ్లు గడిచాక గోధుమరంగుకు తిరుగుతుంది. పదేళ్ల కిందటి 250 గోధుమరంగులోనూ, దాని పక్కన గీతకు అతుక్కున్న 1 నల్లగానూ ఉంటే చాలు. అయితే పద్దు రాసిన వారంలోనే 1 చేర్చి ఉంటే రంగు తేడా రాదు. తేడా కావాలంటే చేర్చడానికీ రాయడానికీ మధ్య ఏళ్లు గడిచేలా కథ నడపండి.

రెండోది బదిలీ పత్రం. షేరు చేతులు మారాలంటే 1845 చట్టం ప్రకారం స్టాంపు వేసిన పత్రం ఉండాలి, కొన్న ధర అందులో రాయాలి. 1850 నుంచి ఆ సుంకం నూటికి అర పౌండు. 250 పౌండ్లకు ఒక పౌండు 5 షిల్లింగులు, 1,250కి ఆరు పౌండ్ల పైమాటే. ఆవర్జాను దిద్దవచ్చు గానీ పత్రం మీద ప్రభుత్వ ముద్రను దిద్దలేడు. అందుకని పత్రాన్నే మాయం చేస్తాడు. వరుస నంబర్లు వేసి కట్టిన కట్టలో పందొమ్మిది నంబర్లు లేకపోవడమే అప్పుడు ఆధారం.

గతం ఉండేది చిరునామాలో

దొంగ వాటాదారుకు పేరొక్కటే చాలదు. మిగిలిన 250 మీద డివిడెండు వారంటు, అర్ధసంవత్సర నివేదిక, సమావేశం నోటీసు అన్నీ టపాలో వెళ్తాయి. ఆ ఉత్తరాలు వెనక్కి వస్తే ఆఫీసులో గుట్టు రట్టవుతుంది. కాబట్టి నిజమైన ఇల్లు, నోరు మూసుకుని ఉత్తరాలు తీసి ఉంచే మనిషి కావాలి. అలాంటి మనిషి రిజిస్ట్రారుకు ఎక్కడ దొరుకుతుంది? కొత్త జీవితంలో దొరకదు. పాతదాంట్లోనే: పెంచిన మేనత్త, చిన్నప్పటి ఇంటావిడ, వదిలేసి వచ్చిన అక్క. మోసమూ గతమూ ఒకే గుమ్మం దగ్గర కలిసేది ఇక్కడే.

1845 జాబితాలో కుర్రాడు రాసిన దొంగ చిరునామా, 1866 ఆవర్జాలో దొంగ వాటాదారు చిరునామా ఒకే వీధివి అయ్యేట్టు పెట్టండి. అబద్ధపు చిరునామా అడిగితే మనిషి నాలుక మీదకు మొదట వచ్చేది చిన్నప్పుడు తిరిగిన వీధే. అచ్చయిన పార్లమెంటు జాబితా సంపాదించడం డిటెక్టివ్‌కు కష్టం కాదు.

అక్కడికి వెళ్లాక సంభాషణలో తెలుగు మీకు బాగా కలిసివస్తుంది. ఆఫీసంతా రిజిస్ట్రారును "మీరు", "సర్" అంటుంది. డిటెక్టివ్ ఏదో నెపంతో అతన్ని ఆ వీధికి తీసుకొస్తాడు. తలుపు తీసిన ముసలావిడ "నువ్వా" అని, వెనక డిటెక్టివ్‌ను చూసి, "ఎవరు కావాలండీ మీకు?" అంటుంది. అంతే. దాని మీద వ్యాఖ్యానం రాయకండి, డిటెక్టివ్ కనుబొమ్మ కూడా ఎగరెయ్యకండి. చదివేవాళ్లు పట్టుకుంటారు.

తలకు దెబ్బ తగిలి గతం మరిచిపోవడం అరిగిపోయిన చిట్కా. తప్పనిసరైతే రైలు ప్రమాదాన్ని వాడుకోండి. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్‌లో రైలు పట్టాలు తప్పి పదిమంది పోయారు. 1866లోనే సర్జన్ జాన్ ఎరిక్ ఎరిక్సన్ రైలు ప్రమాదాల తర్వాత నరాలకు కలిగే దెబ్బ గురించి పుస్తకం అచ్చువేశాడు, పరిహారం దావాల్లో దాని మీద వాదోపవాదాలు సాగాయి. మరిచిపోయానంటున్నవాడు నిజం చెబుతున్నాడా, పరిహారం కోసం నటిస్తున్నాడా అన్న అనుమానం అప్పుడు కథలోంచే పుడుతుంది.

మనిషి ఎవరో తేల్చే కాగితాలు

ఇంగ్లండ్‌లో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది. 1828లో పుట్టిన మీ కుర్రాడు అందులో ఉండడు. చర్చి బాప్తిస్మం పుస్తకం వెతకాలి. కుటుంబం బాప్టిస్టో మరో శాఖో అయితే ఆ పుస్తకాలు చాలావరకు 1840 చట్టం కింద లండన్ రిజిస్టర్ ఆఫీసుకు చేరిపోయాయి. డిటెక్టివ్ ఊరి చర్చిలో రెండు రోజులు వృథాగా తిరిగి, లండన్‌లోనే ఉన్న దాన్ని ఆలస్యంగా కనుక్కోవడం సహజమైన మలుపు. జనాభా లెక్కల ఫారాలు మాత్రం అప్పట్లో ఎవరికీ చూపేవారు కాదు. ఈ తప్పు చాలా కథల్లో కనిపిస్తుంది.

పేరు మార్చుకోవడం నేరం కాదు, దానికి కాగితమూ అక్కర్లేదు. 1845 నాటి పేదవాడికి ఫోటో ఉండదు, ఫోటో కార్డుల మోజు 1860ల్లో వచ్చింది. వేలిముద్రలు స్కాట్లాండ్ యార్డుకు చేరింది 1901లో, మన కలకత్తా కంటే నాలుగేళ్లు ఆలస్యంగా. మరి గుర్తింపు దేనితో? టిచ్‌బోర్న్ కేసు చూడండి. తప్పిపోయిన రోజర్ టిచ్‌బోర్న్ నేనే అని 1866లో ఆస్ట్రేలియా నుంచి ఒకడు వచ్చాడు, కన్నతల్లే ఒప్పుకుంది. కానీ పారిస్‌లో పెరిగిన రోజర్‌కు వచ్చిన ఫ్రెంచి ఇతనికి రాదు, రోజర్ చేతి మీద ఉండేదన్న పచ్చబొట్టు లేదు. క్రిమినల్ విచారణ 188 రోజులు నడిచి 14 ఏళ్ల శిక్ష పడింది. ఉన్న గుర్తు కంటే ఉండాల్సి లేని గుర్తు ఎక్కువ పనిచేస్తుంది.

రైలును దృశ్యానికి కాక ఆధారానికి వాడండి

1866 రైలు పెట్టెకు లోపల నడవా లేదు. గదులన్నీ విడివిడి, తలుపులు బయటికి, స్టేషన్ వస్తే గానీ దిగలేరు. గార్డును పిలిచే తాడును దూరప్రయాణపు రైళ్లకు తప్పనిసరి చేసింది 1868 చట్టం. 1864 జూలై 9న నార్త్ లండన్ రైల్వే గదిలో థామస్ బ్రిగ్స్ హత్య ఇలాంటి చోటే జరిగింది. హంతకుడు ముల్లర్ కంగారులో తన టోపీ వదిలి బ్రిగ్స్ టోపీ పట్టుకుపోయాడు. అతను తెరచాప ఓడలో న్యూయార్క్ బయలుదేరితే పోలీసులు ఆవిరి ఓడలో వెళ్లి ముందే దిగి కాచుకున్నారు.

గడియారాల తేడా గతం కథలోనే పెట్టండి. 1845లో బ్రిస్టల్ ఊరి గడియారం లండన్ సమయానికి దాదాపు 10 నిమిషాలు వెనక, గ్రేట్ వెస్టర్న్ స్టేషన్ మాత్రం లండన్ సమయమే. చర్చి గంట విన్న సాక్షీ గార్డూ ఇద్దరూ నిజం చెబుతూనే పది నిమిషాలు విభేదిస్తారు. 1866కు ఈ ఉపాయం చెల్లదు, అప్పటికి గడియారాలన్నీ దాదాపు కలిసిపోయాయి.

బరువు కూడా మంచి సాక్షి. 1855 మే 15 రాత్రి లండన్ బ్రిడ్జి నుంచి ఫోక్‌స్టోన్ వెళ్లే రైల్లో మూడు పెట్టెల్లోంచి పారిస్ వెళ్తున్న 224 పౌండ్ల బరువు బంగారం తీసి సీసపు గుళ్లు నింపారు. దారిలో ఫ్రెంచి రేవు బులోన్‌లో తూచితే ఒక పెట్టె తేలిక, రెండు బరువు. పారిస్ తూకం బులోన్ తూకంతో సరిపోయింది. కాబట్టి దొంగతనం బులోన్‌కు ముందే జరిగింది. కంపెనీ గుమాస్తా, గార్డు ఇద్దరూ అందులో ఉన్నారు.

సరుకు పెట్టెల జాడ కోసం 1842లో పెట్టిన రైల్వే క్లియరింగ్ హౌస్ ఉంది. జంక్షన్లలో దాని మనుషులు ఏ కంపెనీ బండి ఎప్పుడు దాటిందో నంబర్లు రాసి లండన్ పంపేవాళ్లు. కాల్చేశామన్న ఆవర్జాల పెట్టె నిజానికి ఏ బండిలో ఎటు పోయిందో తేల్చే పుస్తకం అక్కడ ఉంటుంది. దాన్ని కథలో వాడుకున్నవాళ్లు తక్కువ, మీరు వాడుకోండి.

ఇంకో దారి, హైదరాబాదు

ఇంగ్లండ్ వద్దనుకుంటే అదే కాలపు కథ మన దగ్గరా ఉంది. నిజాం రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాదు చేరింది. ఆ రైల్వే ఒప్పందాల్లో చక్రం తిప్పిన అబ్దుల్ హక్ అనే అధికారే 1886లో లండన్‌లో హైదరాబాదు దక్కన్ గనుల రాయితీ వ్యవహారం నడిపాడు. దాని షేర్ల గోల 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ముందుకు వెళ్లింది. సింగరేణి బొగ్గు మొదట ఆ కంపెనీ చేతిలోనే ఉండేది. ఇది పైఅంతస్తు మోసం, రెండో నవలకు పెట్టుకోండి.

కోర్టులో ఒప్పించకండి

1898 దాకా క్రిమినల్ కేసుల్లో ముద్దాయి తన పక్షాన తానే ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడానికి మామూలుగా వీల్లేదు. బోనులో లాయరు ప్రశ్నలకు చెమటలు పట్టి నిజం కక్కే దృశ్యం 1866లో జరగదు. ఒప్పుకోలు కావాలంటే కోర్టుకు ముందే, ఆఫీసులో ఆవర్జా ఎదుట రాయండి. పోలీసు డిటెక్టివ్ అక్కడ ఒంటరిగా ఉంటాడనుకోవడమూ సబబే. 1842లో స్కాట్లాండ్ యార్డు ఆ శాఖను ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ఆరుగురు సార్జెంట్లతో మొదలుపెట్టింది, 1866కు కూడా పెద్దగా పెరగలేదు.

చిత్తుప్రతి అయ్యాక పదో అధ్యాయం వరకు లెక్కలు తెలిసిన ఒకరికి ఇవ్వండి, ఏమీ చెప్పకండి. 19,000 వాళ్లకు వాళ్లే తేల్చగలిగితే అంకెలన్నీ పాఠకుడికి అందినట్టే. డిటెక్టివ్ ఆ లెక్క పైకి చెప్పేది పదహారో అధ్యాయంలో అనుకుంటే, అంతకు ముందు అడిగినవాళ్లలో సగంమందికి తెలిసిపోతే ఫరవాలేదు. ఒక్కరికీ తెలియకపోతే మాత్రం మూడో అధ్యాయంలోని డివిడెండు శాతం ఏ వర్ణనలోనో మునిగిపోయి ఉంటుంది, తీసి విడి వాక్యంగా పెట్టండి.